కొసరుకీ బిల్లే: ఇంటి పిన్‌బాల్ ఖరీదు ఎక్కడ పెరిగింది?

తెలుగునాట పిన్‌బాల్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది నెట్ సెంటరే. విండోస్ ఎక్స్‌పీతో పాటు ఉచితంగా వచ్చిన ‘స్పేస్ కేడెట్’ అనే ఆట అది. జెడ్ మీట నొక్కితే ఎడమ రెక్క, స్లాష్ మీట నొక్కితే కుడి రెక్క లేచేవి. స్పేస్ బార్ పట్టి వదిలితే బంతి పైకి దూసుకుపోయేది. గంటకు పది, పదిహేను రూపాయలు కట్టి రిజల్ట్స్ చూడ్డానికి వెళ్లినవాళ్లు, ఆ సైటు తెరుచుకునేలోపు దాన్నే ఆడుతూ కూర్చునేవాళ్లు.

ఆ ఆట నకలు చేసిన అసలు వస్తువు చెక్క, ఇనుము, గాజుతో చేసిన నూటపది కిలోల యంత్రం. అమెరికాలో దాన్ని ఇంటి బేస్‌మెంట్‌లో పెట్టుకునే సరదా గట్టిగా వేళ్లూనుకుంది. కొన్నేళ్లుగా ఆ సరదా ఖర్చు మీద అక్కడ గొణుగుడు ఎక్కువైంది. యంత్రం ధర పెరిగిపోయిందనీ, కొన్నాక కూడా టాపరనీ (నెత్తిన బిగించే బొమ్మ), గాజనీ, లైట్లనీ జేబుకు చిల్లు పడుతూనే ఉందనీ దాని సారాంశం. అందులో సగం నిజముంది. మిగతా సగం తప్పు చోట వేలు పెడుతోంది.

ముందు లెక్క చూడాలి. ఈ రంగంలో పెద్దన్న షికాగో శివారులోని ఎల్క్ గ్రోవ్ విలేజ్‌లో ఉన్న స్టెర్న్ పిన్‌బాల్. 2012లో వచ్చిన ‘ఏసీ/డీసీ’ అనే రాక్ బ్యాండు ఆట దగ్గర్నుంచి ఈ కంపెనీ ఒక్కో ఆటను మూడు అంచెల్లో అమ్మడం అలవాటు చేసింది. కింద ప్రో, మధ్యలో ప్రీమియం, పైన లిమిటెడ్ ఎడిషన్. ఆ చివరిదాన్ని అభిమానులు ముద్దుగా ఎల్‌ఈ అంటారు. 2019 ప్రాంతంలో ప్రో ధర 6,000 డాలర్ల చుట్టూ, ప్రీమియం 7,600 చుట్టూ, ఎల్‌ఈ 9,000 పైచిలుకు ఉండేవి. 2023లో ‘ఫూ ఫైటర్స్’ వచ్చేసరికి ఆ మూడూ వరుసగా 6,999, 9,699, 12,999 డాలర్లయ్యాయి. డాలరుకు 85 రూపాయల చొప్పున చూస్తే ప్రో దాదాపు 6 లక్షలు, ఎల్‌ఈ 11 లక్షలు. అంటే కింది అంచెలో చిన్న కారు, పై అంచెలో కాస్త పెద్ద కారు.

ఇదే కాలంలో, అంటే 2019 నుంచి 2023 దాకా, అమెరికాలో వినియోగ ధరల సూచీ సుమారు 19 శాతం పెరిగింది. ప్రో ధర పెరిగింది 16, 17 శాతం. అంటే అడుగు అంచె ద్రవ్యోల్బణంతో సమానంగా కూడా పరిగెత్తలేదు, కొంచెం వెనకే ఉంది. ప్రీమియం పావు వంతుకు పైనే పెరిగింది. ఎల్‌ఈ మాత్రం 40 శాతం దాటేసింది. మంటంతా పై అంతస్తులోనే ఉందన్నమాట. ‘పిన్‌బాల్ ధరలు పెరిగాయి’ అని గంపగుత్తగా అనేవాళ్లు ఈ తేడాను చూడటం లేదు. ఇనుము, చెక్క, కూలీ ఖర్చులే కారణమైతే మూడు అంచెలూ ఇంచుమించు ఒకే తీరున పెరగాలి. ఒకే ఫ్యాక్టరీ, ఒకే లైను, ఒకే కాయిళ్లు (బంతిని తన్నే విద్యుదయస్కాంతాలు) కదా.

ఇంకో అంకె దీనికంటే ఎక్కువ చెబుతుంది. ఆడటానికి సంబంధించినంత వరకు ప్రీమియానికీ ఎల్‌ఈకీ తేడా దాదాపు లేదు. బంతి దొర్లే పలక, అంటే ప్లేఫీల్డ్ మీద కదిలేవన్నీ రెంటిలోనూ కదులుతాయి. ఎల్‌ఈకి వచ్చేది వేరే బొమ్మలు, రంగు పూత వేసిన ఇనుప పట్టీలు, వెనక పెట్టె మీద అద్దంలా మెరిసే బొమ్మల గాజు (బ్యాక్‌గ్లాస్), ముందు భాగంలో నంబరు వేసిన చిన్న ఫలకం, ఇంకో నాలుగైదు హంగులు. 2019లో ఈ హంగులకు అదనంగా పడింది సుమారు 1,500 డాలర్లు. 2023లో 3,300. పోనీ ఆ ‘లిమిటెడ్’ అన్న మాటకు బిగింపు పెరిగిందా అంటే, అదీ లేదు. ‘జురాసిక్ పార్క్’, ‘స్ట్రేంజర్ థింగ్స్’ ఎల్‌ఈలు ఒక్కోటి 500 చేశారు. 2021లో ‘గాడ్జిల్లా’ నాటికి ఆ అంకె 1,000 అయింది. సరుకు రెట్టింపైంది, హంగుల ధరా రెట్టింపైంది. అయినా ప్రకటించిన రోజే డీలర్ల కోటా అయిపోయిన సందర్భాలున్నాయి. సరఫరా పెరిగితే ధర తగ్గాలన్న పాఠం ఇక్కడ ఎందుకు పనిచెయ్యలేదన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు ఫ్యాక్టరీలో దొరకదు, కొనేవాళ్లలో దొరుకుతుంది.

ఒకప్పుడు పిన్‌బాల్ యంత్రాన్ని ఇంటికి కొనేవాళ్లు తక్కువ. కొనేది ఆపరేటరు. అతను యంత్రాన్ని తీసుకెళ్లి ఏ బార్‌లోనో, బౌలింగ్ సెంటర్లోనో పెట్టి, పడిన నాణేలను ఆ చోటు యజమానితో పంచుకునేవాడు. అతనికి యంత్రం వ్యాపార పెట్టుబడి, ఆటోవాలాకు ఆటో లాంటిది. 1992లో వచ్చిన ‘ది ఆడమ్స్ ఫ్యామిలీ’ 20,270 యంత్రాలు అమ్ముడై రికార్డు కొట్టిందంటే అది ఇలాంటి ఆపరేటర్ల పుణ్యమే. ఆ తర్వాత వీడియో గేములు ఇంట్లోకే వచ్చేశాయి, బార్లలో నాణేలు తగ్గాయి. 1999లో విలియమ్స్ కంపెనీ పిన్‌బాల్ తయారీనే మానుకుంది. అదే ఏడాది గ్యారీ స్టెర్న్ వీడియో గేముల కంపెనీ సెగా నుంచి పిన్‌బాల్ విభాగాన్ని కొని సొంత పేరు పెట్టుకున్నాడు. చాలా ఏళ్లపాటు ఈ రంగంలో చెప్పుకోదగ్గ తయారీదారు అతనొక్కడే. 2011లో జెర్సీ జాక్ పిన్‌బాల్ అనే కంపెనీ మొదలయ్యే దాకా పోటీ అన్న మాట గట్టిగా వినపడలేదు.

ఆపరేటరు బుర్రతో 2023 నాటి ప్రో ధరను చూస్తే సంగతి తేటపడుతుంది. ఆటకు ఒక డాలరు. అందులో సగం చోటు యజమానిది. 6,999 డాలర్లు తిరిగి రావాలంటే 14,000 ఆటలు పడాలి. రోజుకు ఇరవై ఆటలు పడతాయనుకున్నా 700 రోజులు, అంటే దాదాపు రెండేళ్లు. మధ్యలో రబ్బర్లు, బల్బులు, కాయిళ్లు, రాకపోకల పెట్రోలు అతని ఖాతాలోనే. ఇలాంటి మనిషికి 1,000 డాలర్ల అలంకారం అమ్మబోతే, దానికోసం ఇంకో 2,000 ఆటలు పడాలని లెక్కగట్టి నవ్వుకుంటాడు. అతనికి తోడుండే ఆ లెక్కే ధరకు పగ్గం వేసేది. ప్రో ధర పెద్దగా పెరగకపోవడానికి కారణం కూడా బహుశా అదే. ఇప్పటికీ ఆపరేటర్లు కొనేది ఎక్కువగా ప్రోనే.

ఇంటికి కొనేవాడికి ఆ పగ్గం లేదు. అతని యంత్రంలో నాణెం పడదు, ఫ్రీ ప్లే సెట్టింగులో ఉంటుంది. కాబట్టి ‘ఎన్ని ఆటలకు తిరిగొస్తుంది’ అన్న ప్రశ్నే పుట్టదు. దాని స్థానంలో వేరే లెక్క ఒకటి వచ్చి కూర్చుంది: ‘కొంటే పోయేదేముంది, ఎప్పుడైనా అదే ధరకు అమ్ముకోవచ్చు’. మన దగ్గర బంగారం కొనేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే మాటే. చాలా కాలం అది నిజం కూడా. 1997లో సుమారు 4,000 యంత్రాలు మాత్రమే తయారైన ‘మెడీవల్ మ్యాడ్‌నెస్’ లాంటివి కొత్తగా ఉన్నప్పటి ధర కంటే చాలా ఎక్కువ పలికాయి. 2015లో చికాగో గేమింగ్ కంపెనీ దాన్ని మళ్లీ కొత్తగా తయారుచేసి అమ్మిందంటే ఆ మోజు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

కోవిడ్ ఏళ్లలో ఈ నమ్మకం తలకెక్కింది. బయట తిరిగే దారి లేదు, ప్రయాణాల డబ్బు మిగిలింది, బేస్‌మెంట్ ఖాళీగా ఉంది. వాడిన యంత్రాలు కూడా కొన్నదానికంటే ఎక్కువకు అమ్ముడుపోయాయి. ఎల్‌ఈ బుక్ చేసుకున్నవాళ్లు డెలివరీకి ముందే తమ వంతును లాభానికి అమ్ముకున్నారు. ఇక్కడ తయారీదారు వైపు నుంచి ఆలోచించడం న్యాయం. తాను 9,000 పైచిలుకుకు అమ్మిన సరుకు వారం తిరక్కుండా ఇంకొకడి చేతిలో 12,000 పలుకుతుంటే, ఆ తేడా మధ్యలోవాడికి ఎందుకు వదలాలి? వదల్లేదు. ఎల్‌ఈ ధర పెరగడంలో పెద్ద భాగం ఇదే. రీసేల్ లాభాన్ని ఫ్యాక్టరీ తన వైపు తిప్పుకుంది. జేమ్స్ బాండ్ 60వ వార్షికోత్సవం పేరుతో 500 యంత్రాలే చేసి ఒక్కోదానికి 19,999 డాలర్లు పెట్టడం ఆ దారిలో చివరి మెట్టు. దాదాపు 17 లక్షల రూపాయలు. అందులో ప్లేఫీల్డ్ పాతకాలపు ఆటల పద్ధతిలో ఉండటం ఇంకో విశేషం.

జెర్సీ జాక్ వేరే దారి పట్టి అదే చోటికి చేరింది. 2020లో ‘గన్స్ ఎన్ రోజెస్’ను విడుదల చేసినప్పుడు లిమిటెడ్ 9,500, కలెక్టర్స్ ఎడిషన్ 12,500 డాలర్లు. 2022లో ‘టాయ్ స్టోరీ 4’ వచ్చేసరికి అవే అంచెలు 12,000, 15,000. అంతకుముందు కింద ఒక చవక అంచె ఉండేది, ఈసారి అదీ లేదు. కాకపోతే వీళ్ల కలెక్టర్స్ ఎడిషన్లో టాపర్, మెరుపు కొట్టని గాజు వగైరాలు ముందే బిగించి వస్తాయి. భోజనం ప్లేటు మొత్తానికి ఒకే ధర. స్టెర్న్‌ది ‘అలా కార్ట్’ పద్ధతి. అన్నం ఒక బిల్లు, పప్పు ఒక బిల్లు, అప్పడం ఇంకో బిల్లు.

ఆ అప్పడాల సంగతికే వద్దాం. తెలుగులో కొసరు అన్న మాటకు అర్థం కొన్నదానికి పైన ఊరికే వేసేది. కిలో వంకాయలు తూచాక బండివాడు నాలుగు పచ్చిమిరపకాయలు విసిరేవాడు, అది కొసరు. ఇంటి పిన్‌బాల్లో కొసరుకే ప్రత్యేకంగా బిల్లు పడుతుంది. తెలంగాణలో చారానా కోడికి బారానా మసాలా అంటారు. ఇక్కడ కోడి చారానాది కాదు గానీ, మసాలా డబ్బా మాత్రం అంతకంతకూ పెద్దదవుతోంది.

టాపర్‌నే తీసుకోండి. యంత్రం వెనక నిలువుగా ఉండే పెట్టె బ్యాక్‌బాక్స్. దాని నెత్తిన, నేల నుంచి ఆరడుగుల పైన బిగించే బొమ్మ టాపర్. లైట్లు వెలుగుతాయి, కొన్నిట్లో మోటారు తిరుగుతుంది, తెర కూడా ఉంటుంది. వెయ్యి డాలర్లు, అంతకు పైన పలికేవి ఉన్నాయి. ఇప్పుడు ఆడే మనిషి ఎక్కడ చూస్తాడో ఆలోచించండి. రెండు చేతులూ పెట్టె పక్కలనున్న మీటల మీద, నడుం కొంచెం ముందుకు వంగి, కళ్లు రెండు రెక్కల (ఫ్లిప్పర్ల) మధ్య ఉన్న సందు మీద. ఉక్కు బంతి గురుత్వాకర్షణకు లొంగి కిందికి వస్తుంటే తలెత్తి పైకి చూసిన క్షణం బంతి పోతుంది. అంటే ఆడేవాడికి ఆడుతున్నంతసేపూ కనపడని వస్తువు అది. వెనక సోఫాలో కూర్చుని వంతు కోసం చూసే బావమరిదికి కనపడుతుంది. అంటే టాపర్ ఆటకు కాదు, గదికి కొంటున్నారు.

కేవలం అలంకారమైతే ఎవరిష్టం వాళ్లది, అక్కడితో ఆగిపోయేది. కానీ ఇటీవలి కొన్ని టాపర్లు బిగిస్తే ఆట సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టి, లేకపోతే రాని అదనపు ఘట్టాన్ని ఒకదాన్ని తెరుస్తుంది. కోపం మొదలైంది అక్కడ. ఆ ఘట్టానికి కావలసిన ర్యాంపులు, టార్గెట్లు, బంతి అన్నీ కొన్న యంత్రంలోనే ఉన్నాయి. దాన్ని నడిపే ప్రోగ్రాం కూడా అందులోనే ఉంది. తాళం చెవి మాత్రం నెత్తిన పెట్టుకునే బొమ్మలో ఉంది. మొబైల్ గేముల్లో పిల్లలు తల్లిదండ్రుల కార్డు గీకించే పద్ధతి చెక్కపెట్టెలోకి వచ్చినట్టయింది. ఈ ఒక్క విషయంలో కొనుగోలుదారుల ఫిర్యాదు నూటికి నూరుపాళ్లు సబబు. లైట్లకు ధర పెట్టడం వ్యాపారం, ఆటలో ముక్క కోసి విడిగా పెట్టడం వేరే సంగతి.

ఆ మాట ప్రోకూ ప్రీమియానికీ ఉన్న తేడాకు వర్తిస్తుందా? ‘గాడ్జిల్లా’ ప్రీమియంలో మధ్యనున్న భవనం అంతస్తు అంతస్తుగా కుంగుతుంది, వంతెన విరిగి వాలుతుంది. ప్రోలో ఆ రెండూ కదలవు. కానీ అక్కడ మోటార్లు, స్విచ్చులు, వైరింగ్ నిజంగానే అదనం. డబ్బు పెట్టినందుకు చేతికొచ్చే వస్తువు ఉంది. పైగా బాగా ఆడేవాళ్లలో కొందరు కదిలే భాగాలు తక్కువున్న ప్రోలో ఆట వేగంగా నడుస్తుందని దాన్నే ఎంచుకుంటారు. దాన్ని కోత అనలేం.

2021లో ‘గాడ్జిల్లా’తోనే ‘ఇన్‌సైడర్ కనెక్టెడ్’ అనేదీ వచ్చింది. యంత్రం మీద ఫోన్లోని క్యూఆర్ కోడ్ చూపిస్తే ఆడేవాడి పేరున స్కోర్లు, సాధించిన ఘట్టాలు ఇంటర్నెట్‌లో నమోదవుతాయి. డల్లాస్‌లో ఆడినవాడూ షికాగోలో ఆడినవాడూ ఒకే పట్టికలో పోటీ పడొచ్చు. మామూలు ఖాతా ఉచితం. పైన డబ్బు కట్టి చేరే మెంబర్‌షిప్ కూడా ఉంది. ఇంతవరకూ అది పెద్ద భారం కాదు. కానీ సర్వర్‌కు కట్టేసిన యంత్రానికి ఆ సర్వర్ ఉన్నన్నాళ్లే పూర్తి విలువ. 1970లలో చేసిన యంత్రం ఈ రోజు ప్లగ్గు పెడితే ఆడుతుంది, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఇప్పటివి కూడా ఇంటర్నెట్ లేకుండా ఆడతాయనేది నిజమే గానీ, వాటి ఆకర్షణలో ఒక వాటా బయటివాళ్ల చేతిలో ఉంది.

కంపెనీ అమ్మే కొసర్లతో కథ అయిపోదు. బయట చిన్న చిన్న తయారీదారుల లోకం ఒకటుంది. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట గ్యారేజీలో త్రీడీ ప్రింటర్ మీద చిన్న డైనోసార్లు, కార్లు, సమాధిరాళ్లు చేసి రంగులేసి అమ్మేవాళ్లు వాళ్లు. వీటిని మాడ్‌లు అంటారు. ప్లేఫీల్డ్ పక్క గోడలకు అంటించే బొమ్మల రేకులు, స్పీకర్ల చుట్టూ రంగులు మార్చే లైట్లు, పాత యంత్రాల నారింజరంగు డిస్‌ప్లే స్థానంలో పెట్టే రంగుల తెర... జాబితాకు అంతు లేదు. ముప్ఫై డాలర్ల చిన్న బొమ్మ అనుకుని మొదలైనది ఆరు నెలల్లో ఎనిమిది వందలవుతుంది. ఒక్కోటీ చిన్న మొత్తమే కాబట్టి ఇంట్లో అడిగేవాళ్లుండరు. ఇక్కడే ఒక సాంకేతిక చిక్కు కూడా ఉంది. ఈ బొమ్మల లైట్లకు కరెంటు యంత్రంలోని ఏదో ఒక వైరు నుంచే లాగాలి. తప్పు చోట లాగితే, ఎక్కువ లాగితే ప్లేఫీల్డ్ కిందున్న చిన్న కంట్రోల్ బోర్డు పోతుంది. పాత యంత్రాల బోర్డులను సోల్డరింగ్ వచ్చినవాడు ఇంట్లోనే బాగుచేసుకునేవాడు. ఇప్పటివాటిలో చిప్పులు మిల్లీమీటర్ల సైజులో ఉంటాయి, చాలామందికి బోర్డు మొత్తం మార్చడమే దారి. ముప్ఫై డాలర్ల డైనోసారు తెచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.

విచిత్రమేమంటే, ఆటను నిజంగా మెరుగుపరిచే ఖర్చులు చాలా చిన్నవి. ఫ్లిప్పర్ మీట నొక్కినప్పుడు చెక్క కింద కాయిల్ ఒక ఇనుప కడ్డీని లోపలికి గుంజుకుంటుంది. ఆ కడ్డీ వెళ్లి ఒక అడ్డుకు ఠక్కున గుద్దుకుంటుంది. కొన్ని వేలసార్లు అలా గుద్దుకున్నాక కడ్డీ కొన సుత్తిదెబ్బలు తిన్న మేకులా విచ్చుకుంటుంది. చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గొట్టంలో ఒరుసుకోవడం మొదలవుతుంది. ఫ్లిప్పర్ నీరసపడుతుంది. నిన్నటిదాకా ర్యాంపు ఎక్కి దిగిన బంతి ఇవాళ సగం ఎక్కి వెనక్కి జారుతుంది. యజమాని తన చేతి నేర్పు తగ్గిందనుకుంటాడు. ఈ భాగాలన్నీ కలిపిన రీబిల్డ్ కిట్ కొన్ని పదుల డాలర్లు. అలాగే బంతి. 27 మిల్లీమీటర్ల వ్యాసం, 80 గ్రాముల బరువు, ఖరీదు ఒకటి రెండు డాలర్లు. గరుకెక్కిన బంతిని అలాగే వదిలేస్తే అది ప్లేఫీల్డ్ మీది పూతను గరుకు కాగితంలా రుద్దేస్తుంది. వేల డాలర్ల టాపర్ ఉన్న యంత్రంలో మచ్చలుపడ్డ బంతి దొర్లుతుండటం అరుదైన దృశ్యమేమీ కాదు. ఏనుగును కొని అంకుశం దగ్గర పిసినారితనం అంటే ఇదే.

కొసర్లలో డబ్బుకు తగ్గవి లేవని కాదు. షేకర్ మోటార్ నూట యాభై డాలర్ల దరిదాపులో వస్తుంది. పేలుడు జరిగినప్పుడు పెట్టె మొత్తం వణుకుతుంది, ఆ వణుకు అరచేతుల్లోంచి ఒంట్లోకి పాకుతుంది. టాపర్‌లా కాకుండా అది ఆడేవాడికి తెలిసే వస్తువు. మెరుపు కొట్టని గాజు మూడు, నాలుగు వందల డాలర్లు. గదిలో ట్యూబ్‌లైటు గాజులో ప్రతిఫలించే చోట ఉంటే మామూలు గాజులో బంతి బదులు ఆ లైటే కనిపిస్తుంది. అలాంటి గదికి అది ఖర్చు దండగ కాదు. ఒక గాజును ఎన్ని యంత్రాలకైనా మార్చుకోవచ్చు కూడా, సైజు చాలావాటికి ఒకటే.

తయారీదారులను పూర్తిగా విలన్లను చెయ్యడం కుదరదు. ఒక్కో యంత్రంలో వేల విడిభాగాలుంటాయి. వైర్లను ఇప్పటికీ మనుషులే కట్టలు కట్టి, ప్లేఫీల్డ్ కింద చేత్తో అమరుస్తారు. అమ్మేది లక్షల్లో కాదు, వేలల్లో. సినిమా పేరుకూ, రాక్ బ్యాండు పాటలకూ లైసెన్సు డబ్బు కట్టాలి. ఆ ఖర్చంతా ఆ కొద్ది యంత్రాల మీదే పడాలి. ఇంకోటి చాలామంది మరిచిపోయేది: సాఫ్ట్‌వేర్. యంత్రం ఇంటికొచ్చేసరికి చాలాసార్లు ప్రోగ్రాం సగమే తయారై ఉంటుంది. 2016లో వచ్చిన ‘బ్యాట్‌మాన్ 66’ మరీ పచ్చిగా వచ్చి, నిండుగా తయారవడానికి ఏళ్లు పట్టింది. దాన్ని తిట్టినవాళ్లు తిట్టారు. కానీ ఆ తర్వాత ఏళ్ల తరబడి కొత్త ఘట్టాలు, సవరణలు పైసా లేకుండా ఇస్తూ పోయారు. కారు కొన్న నాలుగేళ్లకు కంపెనీవాడు ఊరికే కొత్త గేరు బిగించి ఇవ్వడు. అందుకయ్యే జీతాలు ఎక్కడి నుంచో రావాలి. టాపర్ లాభం అందులో ఒక దారి అనుకుంటే కోపం కొంత తగ్గుతుంది, పూర్తిగా కాదు.

చిన్న కంపెనీలది ఇంకో పద్ధతి: ముందు డబ్బు కట్టించుకుని తర్వాత చెయ్యడం. విస్కాన్సిన్‌లోని బెంటన్ అనే చిన్న ఊళ్లో ఉన్న స్పూకీ పిన్‌బాల్ 2020లో ‘రిక్ అండ్ మోర్టీ’ ప్రకటిస్తే 750 యంత్రాలూ గంటల్లో బుక్కయ్యాయి, వాళ్లు చేసి ఇచ్చారు కూడా. అందరూ అలా ఇవ్వలేదు. బ్రిటన్‌కు చెందిన హైవే పిన్‌బాల్ 2018లో మూతపడినప్పుడు డబ్బు కట్టి యంత్రం అందనివాళ్లు మిగిలిపోయారు. ఆలస్యమైతే వంతు పోతుందన్న ఆత్రం ఇక్కడ అసలు సరుకు.

ఆ ఆత్రం 2023 తర్వాత చల్లబడింది. వడ్డీలు పెరిగాయి, జనం మళ్లీ బయట తిరగడం మొదలుపెట్టారు, కొత్త ఆటలు వెంటవెంటనే రావడంతో నిరుటి ఎల్‌ఈ ఇవాళ పాతదైపోతోంది. కొన్న ధరకు అమ్ముడుపోని ఎల్‌ఈలు కనపడసాగాయి. 20,000 డాలర్ల బాండ్‌ను కూడా తగ్గింపు ధరకు అమ్మాల్సి వచ్చింది. ‘అదే ధరకు అమ్ముకోవచ్చు’ అన్న దిలాసా పోవడంతో, అప్పటిదాకా పట్టించుకోని కొసర్ల ఖర్చు ఒక్కసారిగా కళ్లకు కట్టింది. ధరల మీద ఇప్పటి గొణుగుడు పుట్టింది ధర పెరిగినప్పుడు కాదు. పెరుగుతున్నప్పుడు అందరూ సంతోషంగానే కొన్నారు. రీసేల్ పడిపోయాకే అది ఖరీదని తెలిసింది.

చవక దారులు లేకపోలేదు. టెక్సాస్‌కు చెందిన మల్టీమార్ఫిక్ చేసే పీ3 యంత్రంలో పెట్టె ఒకటే, ఆట మారితే ప్లేఫీల్డ్ పైభాగాన్ని మార్చుకోవచ్చు. ఆటకు విడిగా డబ్బు పెట్టాలన్నది మొదట్నుంచీ బహిరంగంగా చెప్పి అమ్ముతున్నారు కాబట్టి ఎవరికీ మోసపోయామన్న భావన రాదు. కంప్యూటర్ మీద ఆడే పిన్‌బాల్ ఇంకా చవక, కానీ అక్కడ కొన్నది సొంతమని గ్యారంటీ లేదు. ‘పిన్‌బాల్ ఆర్కేడ్’ అనే ఆటకు విలియమ్స్ టేబుళ్ల లైసెన్సు 2018 జూన్ 30తో ముగిసింది. ఆ రోజు దాటాక వాటిని కొత్తగా కొనే వీలు లేకుండా పోయింది.

ఇండియాకు ఈ యంత్రాన్ని తెప్పించుకోవాలంటే ఓడ రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిసి అసలు ధరను ఎక్కడికో తీసుకెళ్తాయి. పోయాక బాగుచేసేవాడు దొరకడం ఇంకో గండం. కాబట్టి తెలుగువాళ్లకు ఈ సరదాతో నిజమైన సంబంధం సముద్రం అవతలే. స్టెర్న్, జెర్సీ జాక్ ఫ్యాక్టరీలు రెండూ ఉన్న ఎల్క్ గ్రోవ్ విలేజ్‌కు ఆనుకునే షామ్‌బర్గ్ ఉంది. తెలుగు కుటుంబాలు స్థిరపడిన ఊళ్లలో అదొకటి. అక్కడ బేస్‌మెంట్ పూర్తిచేయించుకుని, హోమ్ థియేటర్ పక్కన ఒక పిన్‌బాల్ పెడితే బాగుంటుందనుకునేవాళ్లకు వాడిన ప్రో వెతుక్కోవడం ఇప్పుడు మంచి బేరం.

వాడిన యంత్రాల ప్రకటనలు ఈ మధ్య ఒక కొత్త తీరులో ఉంటున్నాయి. ‘ఎనిమిది వందల డాలర్ల మాడ్‌లు బిగించి ఉన్నాయి’ అని పైన రాస్తారు. కొనేవాడు ఆ ఎనిమిది వందలకు వందో, రెండొందలో కూడా కట్టడు. పక్క గోడల బొమ్మలు వద్దనుకుంటే పీకేసే కూలీ తనదేనంటాడు. అమ్మేవాడు వారం పది రోజులు చూసి ధర తగ్గిస్తాడు. ఆ తర్వాత ప్రకటనను ఇంకోసారి సవరించి, చివర్లో ఒక లైను చేరుస్తాడు: ‘టాపర్ ఇందులో కలవదు, అది విడిగా అమ్మబడును’.